లాగ్‌బుక్‌లో చివరి గడి: ఒక జాతీయ వైద్య విద్యా సంఘంలో మెడికోల మాట చెల్లిన తీరు (కేస్ స్టడీ)

ఈ కేసులో ఉన్నది ఒక మెడికోల బృందం, టీచర్లతో నిండిన ఒక జాతీయ వైద్య విద్యా సంఘం, మధ్యలో కాలేజీ మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్ (ఎంఈయూ) తరఫున నేను. కాలేజీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒకచోట ఉంది. సర్కారుదా ప్రైవేటుదా అన్నది చెప్పను. సంఘం పేరు, జరిగిన సంవత్సరాలు, సబ్జెక్టుల పేర్లు తీసేశాను, పిల్లల ఊర్లు మార్చాను. వాళ్ళు చదివి సరేనన్నాకే ఇది బయటికి వస్తోంది.

రాయడానికి కారణం చిన్నది. ఈ మధ్య వేరే కాలేజీల ఎంఈయూ వాళ్ళు ఫోన్ చేసి, "మీ పిల్లలకి ఓటు ఇచ్చిన ఆ బైలా సవరణ కాపీ ఉంటే పంపండి" అంటున్నారు. పంపడం ఎంతసేపు? కానీ సంఘం నియమావళిలో చేసిన ఆ సవరణ ఈ కథలో అన్నిటికంటే చివర వచ్చింది. దానికి ముందు జరిగింది తెలియకుండా కాపీ చేసుకుంటే వాళ్ళకి మిగిలేది ఒక అదనపు కుర్చీ.

నేపథ్యం

2019 ఆగస్టులో చేరిన ఎంబీబీఎస్ బ్యాచ్‌తో దేశమంతా సీబీఎంఈ, అంటే విద్యార్థి ఏం చేయగలగాలన్న దాని (కాంపిటెన్సీ) చుట్టూ అల్లిన కొత్త కరిక్యులమ్, మొదలైంది. 175 గంటల ఫౌండేషన్ కోర్సు, నడవడిక, నైతికత, మాట తీరు నేర్పే ఎట్‌కామ్ క్లాసులు, మొదటి ఏడాదిలోనే వార్డు చూపించడం, సబ్జెక్టు సబ్జెక్టుకీ లాగ్‌బుక్ (చేసిన పనులు రాసి టీచరుతో సంతకం పెట్టించుకునే పుస్తకం). టీచర్లకి దీని గురించి చెప్పడానికి సీఐఎస్‌పీ పేరుతో వర్క్‌షాపులు పెట్టారు. మేమంతా వెళ్ళాం, గుంపులుగా కూర్చుని టైమ్‌టేబుళ్ళు గీశాం, చార్టులు అంటించాం. ఏ వర్క్‌షాపులోనూ విద్యార్థి ఒక్కడూ లేడు. ఆ బ్యాచ్ ఇంకా ఫస్టియర్‌లో ఉండగానే 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 25న వైద్య విద్యని నియంత్రించే ఎంసీఐ (మెడికల్ కౌన్సిల్) పోయి ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) వచ్చింది. ఆ తర్వాత కూడా నియమాలు స్థిరంగా లేవు. 2024లో వచ్చిన సీబీఎంఈ మార్గదర్శకాలైతే కొద్ది రోజుల్లోనే వెనక్కి వెళ్ళి, మార్పులతో మళ్ళీ వచ్చాయి. ప్రతి మార్పూ ముందు పడేది పిల్లల మీద, చివరగా తెలిసేదీ వాళ్ళకే.

సంఘం గురించి ఒక మాట. అది నియంత్రణ సంస్థ కాదు. రూలు పెట్టే అధికారం దానికి లేదు. ఏటా ఒక సదస్సు, వర్క్‌షాపులు, ఒక జర్నల్, అంతే. అయినా దాన్ని తీసిపారేయలేం. ఎందుకంటే కాలేజీల్లో టీచర్లకి శిక్షణ ఇచ్చేవాళ్ళలో చాలామంది ఆ సంఘం సభ్యులే. లాగ్‌బుక్ ఎలా నింపాలో, ఫీడ్‌బ్యాక్ ఎలా ఇవ్వాలో రూలు ఎన్‌ఎంసీ రాస్తుంది, ఆ రూలుని డిపార్ట్‌మెంట్లలో ఏ అర్థంతో అమలు చేస్తారన్నది ఇలాంటి సంఘాల వర్క్‌షాపుల్లో తేలుతుంది.

మొదట చెప్పిన సమస్య

ముగ్గురు వచ్చారు. ఒకడు థర్డ్ ఇయర్ సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్). ఒకమ్మాయి అంతకు ముందే ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ (మెడికోలు చేసే చిన్న పరిశోధన) చేసింది కాబట్టి డేటా అంటే భయం లేదు. ఇంకో అమ్మాయి ప్రకాశం పడమటి మండలాల నుంచి, టెన్త్ దాకా తెలుగు మీడియం. కాలేజీ మీటింగుల్లో నోరు విప్పగా నేను చూడలేదు, మెడికోలు కుటుంబాల్ని దత్తత తీసుకుని చూసే ఫ్యామిలీ అడాప్షన్ ఊళ్ళో మాత్రం ఇంటింటికీ పేరుపెట్టి పిలిచే మనిషి. "బీపీ చూసేదానికి మళ్ళీ వచ్చినావా అమ్మా" అని ముసలమ్మలు ఆమెకే గేటు తీసేవాళ్ళు.

"మేడమ్, కరిక్యులమ్ మీద మీటింగులన్నీ మా గురించే. మేం తప్ప అందరూ ఉంటారు. నేషనల్ అసోసియేషన్‌లో మాకు ప్రాతినిధ్యం కావాలి," అన్నాడు సీఆర్.

ఢిల్లీ దాకా ఎందుకు, ముందు మన కాలేజీ కరిక్యులమ్ కమిటీలో కూర్చోండి, ప్రిన్సిపాల్ గారితో నేను మాట్లాడతాను అన్నాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వద్దులే మేడమ్. ఇక్కడ మాట్లాడితే ఇంటర్నల్స్‌లో తేడా వస్తాది."

ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. రూలు ప్రకారం ఇంటర్నల్ అసెస్‌మెంట్‌లో థియరీ, ప్రాక్టికల్ విడివిడిగా 40 శాతం, రెండూ కలిపి 50 శాతం వస్తేనే యూనివర్సిటీ పరీక్షకి కూర్చోనిస్తారు. ఆ మార్కులు వేసేది డిపార్ట్‌మెంటే. నిజంగా ఎవరైనా కక్షగట్టి మార్కులు కోశారా అంటే నేను చూసిన మేరకు చాలా అరుదు. కానీ పిల్లల లెక్క వేరు. కోసే వీలుంది కదా అన్నదే వాళ్ళని ఆపేస్తుంది. సీఆర్ అడిగింది జాతీయ సంఘంలో సీటు. ఆ సీటు ఆశ వెనక ఉన్నది, కాలేజీలో నోరు విప్పలేని స్థితి. వీటిని ఒకటిగా చూస్తే తప్పు మందు ఇస్తాం: పిల్లవాణ్ణి పైకి పంపి, కింద భయం అలాగే ఉంచేస్తాం. అలాగని "ముందు ఇక్కడ ధైర్యం తెచ్చుకోండి" అనడమూ న్యాయం కాదు. మార్కులు నా చేతిలో ఉన్నప్పుడు ధైర్యం గురించి నేను పాఠం చెప్పడం చాలా తేలిక. అందుకే సీటు కోసం వాళ్ళు వెళ్తామన్న దారికి అడ్డం చెప్పలేదు.

చేసి చూసినవి

మొదట వినతిపత్రం. వాట్సాప్ గ్రూపుల్లో తిప్పి, చాలా కాలేజీల నుంచి సంతకాలు తెచ్చారు. దాంట్లో విదేశాల ముచ్చట్లు బాగా పెట్టారు: అమెరికాలో మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీకి 1971 నుంచే విద్యార్థి ప్రతినిధుల విభాగం ఉంది, మెడికల్ కాలేజీలకి గుర్తింపునిచ్చే ఎల్‌సీఎంఈలో విద్యార్థులు సభ్యులుగా కూర్చుంటారు, యూరప్‌లో పుట్టిన వైద్య విద్యా సంఘం ఏఎంఈఈ వాళ్ళు విద్యార్థుల భాగస్వామ్యం బాగున్న కాలేజీలకి ఆస్పైర్ అవార్డు ఇస్తారు. అన్నీ నిజాలే. ఒక్కచోట సరిచేయించాను. "2023లో ఎన్‌ఎంసీకి డబ్ల్యూఎఫ్‌ఎంఈ (ప్రపంచ వైద్య విద్యా సమాఖ్య) గుర్తింపు వచ్చింది కాబట్టి, ఆ సంస్థ ప్రమాణాల్లో ఉన్న విద్యార్థి ప్రాతినిధ్యం ఇప్పుడు మనకి తప్పనిసరి" అని రాశారు. అలా కాదు. ఆ గుర్తింపు పదేళ్ళకి ఎన్‌ఎంసీ అనే సంస్థకి ఇచ్చారు, కాలేజీలు ఆ ప్రమాణాల పుస్తకంలోని ప్రతి వాక్యానికీ కట్టుబడాలని దాని అర్థం కాదు. విద్యార్థి ప్రాతినిధ్యానికి కాలేజీకో విధానం ఉండాలని, కోర్సు రూపకల్పనలోనూ నిర్వహణలోనూ మూల్యాంకనంలోనూ వాళ్ళు పాలుపంచుకోవాలని డబ్ల్యూఎఫ్‌ఎంఈ 2015 నాటి ప్రమాణాల్లో ఉన్నమాట నిజం. అంతవరకే రాయండి, ఎదుటివాడు ఒక్క తప్పు పట్టుకున్నాడంటే మిగతా పేజీలు చదవడు అన్నాను.

సంఘం నుంచి మర్యాదగా జవాబు వచ్చింది. మీ సూచనని నమోదు చేసుకున్నాం అని.

తర్వాతి సదస్సుకి సంఘం ఒక స్టూడెంట్ వింగ్ ప్రకటించింది. పిల్లలు పండగ చేసుకున్నారు. వింగ్ కన్వీనర్ ఒక ప్రొఫెసర్ గారు. పనులేమిటంటే క్విజ్, పోస్టర్ పోటీ, రీల్స్ పోటీ, రిజిస్ట్రేషన్ కౌంటర్లో బ్యాగులు పంచడం, సాయంత్రం కల్చరల్స్. పోస్టర్ పోటీని తక్కువ చేయను, అందులోంచి మంచి పనులు వచ్చాయి. కానీ ఎజెండాలో ఒక్క అంశం చేర్చే దారి వింగ్‌కి లేదు. ఆ ఏడాది చివర సీఆర్ అబ్బాయి అన్నది, "పెళ్ళివారింట్లో వడ్డన మనది మేడమ్, సంబంధం మాట్లాడేది వాళ్ళు."

మూడోది పరిశీలక సభ్యత్వం. కార్యవర్గంలో ఓటు లేని విద్యార్థి సీటు ఒకటి, ప్రిన్సిపాళ్ళు నామినేట్ చేయాలి. ఆ ఏడాది వేరే కాలేజీ టాపర్ అమ్మాయి వచ్చింది. తెలివైన పిల్ల, మాట తీరు బాగుంటుంది. అయినా ఏడాది మొత్తం మీద మినిట్స్‌లో ఆమె గురించి మిగిలింది "విద్యార్థి పరిశీలకురాలికి ధన్యవాదాలు" అన్న ఒక్క ముక్క.

ఎందుకు నిలవలేదు

టాపర్‌ని పంపడమే పొరపాటు అని పిల్లలు తేల్చేశారు. నేను ఒప్పుకోలేదు. ఆమె స్థానంలో ఎవరున్నా అదే జరిగేది. ఎజెండా కాగితాలు ముందురోజు సాయంత్రం మెయిల్లో వచ్చేవి. టీచర్లకి అది చాలు, ఎందుకంటే వాళ్ళు పదేళ్ళుగా అవే విషయాలు మాట్లాడుతున్నారు. కొత్తగా వచ్చిన పిల్లకి ఒక్కో అంశం వెనక ఏం జరిగిందో తెలియదు. పైగా ఆమె ఎవరి తరఫున వచ్చింది? ప్రిన్సిపాల్ తరఫున. తిరిగి వెళ్ళి ఎవరికి చెప్పాలి? ఎవరికీ అక్కర్లేదు. ఎవరూ ఏమీ చెప్పి పంపని మనిషి తన సొంత అనుభవం చెప్పాలి, సొంత అనుభవం చెబితే తన కాలేజీ బయటపడుతుంది. మౌనంగా ఉండటం అక్కడ తెలివైన పనే. తర్వాత ఆమె ఫైనలియర్‌కి వచ్చింది, సీటు ఖాళీ అయింది, ఖాళీ అయినట్టు కొన్నాళ్ళు ఎవరూ గమనించలేదు.

మాకు ఇక్కడ రెండు దారులు కనిపించాయి. సీటుకి అధికారం పెంచమని అడగడం ఒకటి. సీటు సంగతి కాసేపు పక్కనపెట్టి, సంఘం పిల్లల ద్వారా తప్ప చూడలేని విషయం ఏదైనా ఉందా అని వెతకడం రెండోది. ముగ్గురిలో ఇద్దరు మొదటిదాని వైపు ఉన్నారు. నేను రెండోదాని వైపు లాగాను. నా వాదన ఇది: డిపార్ట్‌మెంట్ టీచర్ తన సబ్జెక్టు చూస్తాడు, ప్రిన్సిపాల్ రిపోర్టు చూస్తాడు. ఫస్టియర్ నుంచి ఫైనలియర్ దాకా అన్ని డిపార్ట్‌మెంట్ల గుండా నడిచి వెళ్ళేది విద్యార్థి ఒక్కడే. ఆ నడకలో కనిపించేదాన్ని ముందు పెడితే, "చిన్నపిల్లలు మీకేం తెలుసు" అనే వీలు ఉండదు.

లాగ్‌బుక్

ఏ విషయం తీసుకోవాలన్నది తేల్చింది తెలుగు మీడియం అమ్మాయి. ఒక సాయంత్రం తన లాగ్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద తెరిచి పెట్టింది. "మేడమ్, ఈ చివరి కాలమ్ ఎవరిది?" అని అడిగింది.

సీబీఎంఈతో వచ్చిన నమూనా లాగ్‌బుక్ తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ప్రతి నైపుణ్యానికీ ఒక వరుస. కాంపిటెన్సీ నంబరు, చేసిన పని, తేదీ. తర్వాత అది మొదటిసారా, మళ్ళీ చేయడమా, లోపం దిద్దుకోవడానికి చేసిన రెమీడియలా అన్నదానికి ఎఫ్, ఆర్, ఆర్ఈ. చేసిన తీరు అంచనాకి తక్కువా, సరిపోయిందా, మించిందా అన్నదానికి బి, ఎం, ఈ. అధ్యాపకుడి నిర్ణయం: పూర్తయింది (సి), మళ్ళీ చేయాలి, రెమీడియల్ కావాలి. ఆ తర్వాత ఆయన సంతకం, తేదీ. అన్నిటికీ చివర ఒక సన్నటి గడి: ఫీడ్‌బ్యాక్ అందింది అని విద్యార్థి పెట్టాల్సిన సంతకం.

ఆ నమూనా గీసినవాళ్ళు ఆ గడిని ఊరికే పెట్టలేదు. టీచర్ చూశాడని చెప్పడానికి టీచర్ సంతకం చాలు. చూసి పిల్లవాడికి ఏదో చెప్పాడని చెప్పాల్సింది మాత్రం పిల్లవాడే. నాకు తెలిసి ఎంబీబీఎస్ కాగితాల్లో టీచర్ చేసిన పనికి విద్యార్థి సాక్ష్యం అడిగే చోటు అదొక్కటే. ఆ అమ్మాయి లాగ్‌బుక్‌లో కొన్ని పేజీల్లో ఆ గడి ఖాళీ. కొన్ని పేజీల్లో పైనుంచి కిందిదాకా ఒకే పెన్నుతో, ఒకే రోజున పెట్టినట్టున్న సంతకాలు. ఆమె సంతకాలే.

"ఎప్పుడు పెట్టావు?"

"ఎగ్జామ్ ముందు మేడమ్. అందరం హాస్టల్లో కూర్చుని పెట్టుకున్నాం."

ఇది మా డిపార్ట్‌మెంట్లలో ఎవరూ ఎరగనిది కాదు. పరీక్ష ముందు వారం లాగ్‌బుక్కులు దొంతరలుగా వస్తాయి, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకాయన టీ చల్లారిపోతున్నా తలెత్తకుండా సంతకాలు పెడుతూ ఉంటాడు. కానీ దీన్ని టీచర్లు బయటపెడితే తమ మీదికి వస్తుంది, పిల్లలు బయటపెడితే వాళ్ళు చేసింది తప్పుడు నమోదు. ఇద్దరికీ ఇబ్బందే కాబట్టి విషయం అలా పడి ఉంది.

ఎలా బయటపెట్టాలన్న దానిమీద చాలా తర్జనభర్జన జరిగింది. స్టూడెంట్‌షిప్ చేసిన అమ్మాయి పేజీల ఫొటోలు తీద్దామంది. నేను వద్దన్నాను. ఫొటోలో సంతకం ఉంటుంది, సంతకంలో మనిషి ఉంటాడు. మా ఒక్క కాలేజీతో చేద్దామంటే సీఆర్ వద్దన్నాడు, అతను అన్నదే సరైంది. ఒక్క కాలేజీ అయితే హెచ్‌ఓడీలు (డిపార్ట్‌మెంట్ పెద్దలు) వేళ్ళ మీద లెక్కపెట్టి కనుక్కుంటారు. చివరికి ఇలా తేల్చుకున్నాం. రైలు లైనుకి దగ్గర్లో ఉన్న కొన్ని కాలేజీల పిల్లలు ఎవరి లాగ్‌బుక్ వాళ్ళే చూసుకుని ఒక ఫారం నింపాలి. పని చేసిన తేదీకీ సంతకం తేదీకీ మధ్య దూరం వారమా, నెలా, అంతకు మించా. ఎఫ్ కాకుండా ఆర్ లేదా ఆర్ఈ ఎక్కడైనా ఉందా. చివరి గడి నిండిందా, ఖాళీయా, ఒకేసారి నింపినదా. సబ్జెక్టు పేరు, టీచర్ పేరు, కాలేజీ పేరు ఉండవు. కాలేజీ పేరు తీసేస్తే ఏ కాలేజీలో బాగా జరుగుతోందో కూడా తెలియదు కదా అని స్టూడెంట్‌షిప్ అమ్మాయి బాధపడింది. నిజమే. ఆ నష్టం ఒప్పుకున్నాం. పోల్చి చూసే అవకాశం పోయినా, ఫారం నింపినవాడికి నిద్ర పట్టాలి.

ఎథిక్స్ కమిటీ అనుమతి అక్కర్లేదని కొందరు అన్నారు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో బోధనా పద్ధతుల మీద చేసే కొన్ని పనులకి సమీక్ష నుంచి మినహాయింపు ఉంది, కానీ అది మినహాయింపేనని తేల్చాల్సింది కమిటీయే, మనం కాదు. కమిటీకి పెట్టాం, ఆలస్యమైంది, వచ్చింది. ఆ కాగితం తర్వాత మమ్మల్ని కాపాడింది.

అంకెలు ఇక్కడ రాయను, రాస్తే సదస్సు పుస్తకంలో వెతికి కాలేజీలు పట్టుకోవచ్చు. తీరు చెబితే చాలు. దాదాపు ప్రతి వరుసలోనూ మొదటిసారే చేశారు, సరిపోయింది, పూర్తయింది. మళ్ళీ చేయమన్న నమోదు వెతికితే గానీ దొరకలేదు. దేశంలో ఏ వైద్యుడూ మొదటిసారే ఐవీ కాన్యులా సరిగ్గా పెట్టి ఉండడు, మా లాగ్‌బుక్కుల్లో మాత్రం అందరూ పెట్టారు.

దీన్ని బట్టి ఏం అడగాలి అన్నది ఇంకో నిర్ణయం. టీచర్లు ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం లేదని రాయవచ్చు. పిల్లలు ఫారంలో రాసిన మాటలు చదివితే ఇంకో సంగతి తెలిసింది: వార్డుల్లో పని నేర్చుకునే పోస్టింగ్‌లో సంతకానికి, మాటకి విడిగా టైమ్ లేదు. ఓపీ అయ్యేసరికి పన్నెండున్నర, ఒంటిగంటకి మెస్, రెండింటికి ప్రాక్టికల్. టీచరు ఎప్పుడు చెప్తాడు, వీళ్ళు ఎప్పుడు వింటారు? అందుకని వేలు టైమ్‌టేబుల్ వైపు చూపించాం: క్లినికల్ పోస్టింగ్‌లో పదిహేను రోజులకి ఒక పీరియడ్ లాగ్‌బుక్కి, ఫీడ్‌బ్యాక్‌కి కేటాయించాలి, ఆ పీరియడ్‌లోనే చివరి గడి నిండాలి. ఇది మెత్తబడటం అని సీఆర్ నాతో గొడవపడ్డాడు. కావచ్చు. కానీ టీచర్లతో నిండిన గదిలో టీచర్లు రేపటి నుంచి చేయగల పని ఏదో ఒకటి చేతిలో ఉండాలని నేను పట్టుబట్టాను.

సదస్సులో

పోస్టర్‌గా పెట్టమన్నారు. వద్దన్నాం. సదస్సుకి ముందురోజు జరిగే టీచర్ల వర్క్‌షాపులో ఒక గంట అడిగాం. అది తెలిసే చేశాం. పోస్టర్ దగ్గర టీచరు న్యాయనిర్ణేత, వర్క్‌షాపులో టీచరు నేర్చుకునేవాడు. పిల్లలు వేదిక ఎక్కలేదు, ఒక్కో టేబుల్ దగ్గర ఒకరు ఖాళీ లాగ్‌బుక్ పేజీతో కూర్చున్నారు. టీచర్లని ఆ పేజీ నింపమన్నారు, వాళ్ళు తమ చివరి పోస్టింగ్ గ్రూపుని గుర్తు తెచ్చుకుని.

మాట్లాడబోయే తెలుగు మీడియం అమ్మాయిని తయారు చేయడంలో ఒక పద్ధతి పనిచేసింది. తను చెప్పదలుచుకున్నది ముందు మొత్తం తెలుగులో నాకు చెప్పేది, ఊళ్ళో ముసలమ్మకి చెప్పినట్టు. అక్కడ తడబడితే విషయమే సరిగా తేలలేదని అర్థం. తెలుగులో తేలాక ఇంగ్లీషులోకి రావడానికి పెద్ద కష్టం కాలేదు. వ్యాకరణం తప్పులు అలాగే ఉంచాం.

అనుకున్న ప్రశ్నే వచ్చింది. ఒక పెద్దాయన లేచి, "రాత్రికి రాత్రి నింపుకునేది వీళ్ళే, ఫిర్యాదు చేసేదీ వీళ్ళేనా?" అన్నారు. గదిలో నవ్వులు. ఆ అమ్మాయి నవ్వలేదు. "అవును సార్, నింపింది మేమే. ఆ చివరి సంతకం నాది. ఇవ్వని ఫీడ్‌బ్యాక్ అందిందని నేను ఎందుకు సంతకం పెట్టానో అడగండి సార్," అంది. ఆయన అడగలేదు, కూర్చున్నారు. పక్క టేబుల్ మీదున్న ఒక మేడమ్ తను నింపిన పేజీ చూపించి, "నేనూ ఇప్పుడే అన్నింటికీ ఎం, సి వేశాను" అన్నారు. ఆ గంట అక్కడి నుంచి రెండు గంటలైంది.

ఆ సాయంత్రం కార్యవర్గమే పిల్లల్ని పిలిచింది. లాగ్‌బుక్ పీరియడ్‌ని తమ శిక్షణ వర్క్‌షాపుల్లో చేర్చాలంటే విద్యార్థుల వైపు నుంచి ఎవరు కూర్చుంటారు అని అడిగింది. సీటు కోసం వినతిపత్రం పెట్టినప్పుడు దొరకనిది, చేయాల్సిన పనికి మనిషి కావాల్సి వచ్చినప్పుడు దానంతట అదే ముందుకు వచ్చింది.

ఓటు

ఇక్కడి నుంచి పని గుమాస్తా పని, కానీ చాలామంది ఇక్కడే పడిపోతారు. సంఘం 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైంది. దాని 15వ సెక్షన్ ప్రకారం చందా మూడు నెలలకు మించి బకాయి ఉన్నవాడిని సభ్యుడిగా లెక్కపెట్టరు, ఓటూ ఉండదు. టీచర్లు జీవిత సభ్యులు, వాళ్ళకి ఈ బాధ లేదు. విద్యార్థి సభ్యత్వం ఏడాదిది, ఏప్రిల్‌లో గడువు తీరేది. పిల్లలు సదస్సుకి వచ్చినప్పుడే, అంటే ఏడాది చివర్లో, కట్టేవాళ్ళు. జనరల్ బాడీ నోటీసు వెళ్ళే నాటికి దాదాపు ప్రతి విద్యార్థీ బకాయిదారే. ఎవరూ కుట్ర చేయలేదు, తేదీలు అలా కుదిరాయి. బైలాలో ఓటు రాసేసి దీన్ని వదిలేస్తే ఓటు కాగితం మీదే ఉండేది.

అందుకని సవరణలో మొదటి అంశం ఓటు కాదు, చందా. చేరినప్పుడు ఒకేసారి కట్టి, హౌస్ సర్జెన్సీ అయ్యేదాకా చెల్లే కోర్సు సభ్యత్వం. ఓటు సెకండియర్ నుంచి. నీట్‌కి పదిహేడు నిండితే చాలు కాబట్టి ఫస్టియర్‌లో కొందరు మైనర్లు, ఆ తలనొప్పి పెట్టుకోలేదు. విద్యార్థి సభ్యులు తమ ప్రతినిధుల్ని తామే ఎన్నుకుంటారు, ప్రిన్సిపాల్ నామినేషన్ లేదు. ప్రతినిధులు ఇద్దరు, ఒక్కొక్కరికీ కార్యవర్గంలో ఓటు. ఎజెండా కాగితాలు రెండు వారాల ముందు, ఒక అంశం చేర్చే హక్కు. జనరల్ బాడీలో వ్యతిరేకించినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ అనుమానం "రాజకీయాలు వస్తాయి" అన్నది. కళాశాల ఎన్నికలు చూసిన తరం వాళ్ళది, ఆ భయాన్ని నేను వెక్కిరించను. ప్రతినిధుల పనిని వైద్య విద్యకే పరిమితం చేస్తూ ఒక వాక్యం చేర్చాక సవరణ నెగ్గింది.

సీట్లు రెండు ఎందుకన్నది అందరూ అడుగుతారు. ఒకరు సెకండియర్, ఒకరు థర్డ్ ఇయర్ అయితే ఒకరు దిగిపోయేలోపు ఇంకొకరికి పని తెలుస్తుంది, అది ఒక కారణం. అసలు కారణం ఇంకొకటి. ఆడపిల్లని రాత్రి రైల్లో ఒంటరిగా మీటింగుకి పంపమంటే మా వైపు ఇళ్ళలో ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకోని ఇంటికి హక్కుల గురించి చెప్పి లాభం లేదు. ఇద్దరుంటే పంపుతారు. పైగా మీటింగుకి పోయిన రోజులు అటెండెన్స్‌లో పోతే పిల్ల నష్టపోతుంది. థియరీకి 75, ప్రాక్టికల్స్‌కి 80 శాతం ఉండాలి కదా. ఆన్ డ్యూటీగా పరిగణించమని సంఘం నుంచి ప్రిన్సిపాల్‌కి నేరుగా ఉత్తరం వెళ్ళాలని, టికెట్ ఖర్చు సంఘమే భరించాలని బైలాలోనే రాయించాం. టికెట్ డబ్బు లేక ఆగిపోయేవాళ్ళు ఎవరో ముందే తెలుసు. వాళ్ళనే పోగొట్టుకోకూడదు.

కాలేజీ సంగతి

వాళ్ళు మొదట్లో వద్దన్న కాలేజీ కమిటీలో ఇప్పుడు ఇద్దరు విద్యార్థులు కూర్చుంటున్నారు. ఇది మేం ప్లాన్ చేసిన వరుస కాదు. లాగ్‌బుక్ పీరియడ్ పెట్టి చూద్దామని ఒక క్లినికల్ హెచ్‌ఓడీ గారే ముందుకొచ్చారు, ఎలా నడుస్తోందో చెప్పడానికి పిల్లలు కావాలన్నారు. ఆ పోస్టింగ్‌లో ఇప్పుడు లాగ్‌బుక్కుల్లో ఆర్ అనే అక్షరం కనిపిస్తోంది. మిగతా డిపార్ట్‌మెంట్లలో పరీక్ష ముందు దొంతరలు మామూలుగానే వస్తున్నాయి. ఇంటర్నల్స్ భయం పోయిందా అంటే పోలేదు. కమిటీలో పిల్లలు మాట్లాడేది ఫారాల మీద ఆధారపడి, "మా బ్యాచ్‌లో" అంటారు గానీ "నాకు" అనరు. అలా అనమని నేనే చెబుతాను.

రెండో విడత ప్రతినిధులు హౌస్ సర్జన్ల స్టైపెండ్ ఎజెండాలో పెట్టబోయారు. అది విద్య కాదు, మా పరిధి కాదు అని సంఘం తోసేసింది. పిల్లలకి కోపం వచ్చింది. బైలాలో మేమే రాయించిన పరిమితి అది. నా ఉద్దేశంలో స్టైపెండ్ విషయంలో సంఘం మాట నిజమే, కానీ ఆ వెనకున్న విషయం సంఘం పరిధిలోదే. హౌస్ సర్జన్ రోజులో ఎన్ని గంటలు శాంపిల్స్ మోయడానికి, రిపోర్టుల కోసం ల్యాబ్ చుట్టూ తిరగడానికి పోతున్నాయి, ఎన్ని గంటలు రోగి దగ్గర నేర్చుకోవడానికి మిగులుతున్నాయి అన్నది అచ్చంగా విద్యే. ఇప్పుడు దానికి ఫారం తయారవుతోంది. ఈసారి కూడా కాలేజీ పేరు ఉండదు. డ్యూటీ రోస్టర్ తేదీలు అడగాలా వద్దా అన్నదాని మీద ఇంకా తేలలేదు. తేదీ ఉంటే యూనిట్ బయటపడుతుందని ఒక పక్షం, తేదీ లేకపోతే ఎవరూ నమ్మరని ఇంకో పక్షం. ఎథిక్స్ కమిటీకి వెళ్ళేలోపు అది తేల్చాలి.